నాలుగో దెబ్బ

"అన్న బీట్‌లో లెక్క తప్పదు. తమ్ముడి బీట్‌లో ప్రాణం ఉంది," అని కంప్యూటర్ సంగీతం పోటీలో జడ్జిగారు కప్పు మా తమ్ముడి చేతిలో పెట్టారు.

అందరికంటే ముందు చప్పట్లు కొట్టింది నేనే. ఆ ప్రాణం నా కంప్యూటర్‌లోంచి వాడు కొట్టేసిన శబ్దం. కొట్టేస్తాడనే వాడి కళ్లెదుట పెట్టాను.

మైకు అందుకున్నాను. "ప్రతి నాలుగో దెబ్బకీ కీచుమంటుందే, అదేంట్రా?"

"నేనే తయారుచేశానన్నయ్యా. మూడు వారాలు పట్టింది."

"అయితే నెమ్మదిగా విందాం."

స్టేజీ మీదున్న వాడి ల్యాప్‌టాప్‌లో మిగతా వాయిద్యాలన్నీ ఆపేసి, ఆ ఒక్క కీచు వేగం తగ్గించాను. అది మెల్లగా మనిషి గొంతయింది.

వాడు ఒక్కరోజైనా తొంగిచూడని ఆసుపత్రి గదిలోంచి, పోయేముందు అమ్మ అడుగుతోంది:

"పెద్దోడా, చిన్నోడు వచ్చాడా?"