కుడి రెక్క ఈకలు

"మూడిట్లో ఏదో ఒకటి తీసుకోవే. అవతల బస్సు పోద్ది," అన్నాడు గణేష్‌బాబు.

వీరవేణి కదల్లేదు. రాజమండ్రి స్పోర్ట్స్ షాపులో గాజు బల్ల మీద మూడు జిగ్గులు పెట్టి ఉన్నాయి. బాణం కర్రకి ఈకలు అంటించేటప్పుడు అవి కదలకుండా బిగించి పట్టే పరికరాలు. ఒకటి చౌక ప్లాస్టిక్‌ది. ఒకటి ఈకని తిన్నగా పట్టే ఇనుప క్లిప్పుది. మూడోదాని క్లిప్పు కాస్త మెలి తిరిగి ఉంది.

ఇన్నేళ్ళూ ఈ పనంతా బంకతో, దారంతో, గణేష్‌బాబు కంటి అంచనాతో నడిచింది. నడిచిందంటే నడిచింది. మొన్న తీర్థంలో మాత్రం బాణం పక్కకి లాగేసింది. నిమ్మకాయకి తగలాల్సింది చెవి తమ్మె చీల్చుకుంటూ వెళ్ళి చెక్కలో దిగింది. "ఇంకాస్త ఇటొస్తే కన్నే," అంది కుట్లేసిన డాక్టరమ్మ.

'గణేష్‌బాబు బృందం, శబ్దభేది' అని ఫ్లెక్సీల మీద వేస్తారు. చెక్కకి ఆనుకుని, నెత్తిన నిమ్మకాయ పెట్టుకుని చిటిక వెయ్యాలి. కళ్ళకి గంతలు కట్టుకుని ఆ చిటికెని బట్టి కొట్టాలి. జనానికి నెత్తురు పడకూడదు. కానీ పడుతుందేమో అనిపించాలి. అందుకే వస్తారు.

ఆ ఒక్క ఆటా మానేద్దామని వీరవేణి ఆనాటి నుంచీ పోరుతూనే ఉంది. మొగల్తూరులో రొయ్యల చెరువు కాపలాకైనా పోదామంది. "మూడు తరాల విద్య తీసుకెళ్ళి చెరువు గట్టున పారేద్దామా?" అన్నాడు. అంతే. అతనికి నచ్చజెప్పమని అడగడానికి ఇంకెవరూ లేరు. జంగారెడ్డిగూడెం దసరా పందిట్లో ఆటకి అప్పుడే మాటిచ్చేశాడు.

"ఈకలు ఏవి వాడతారమ్మా?" షాపాయన సత్యప్రసాద్ అడిగాడు.

ఆమె సంచి విప్పి బల్ల మీద కుమ్మరించింది. బాతు ఈకలు. కోతలయ్యాక చేలల్లోకి దిగే బాతుల మందల వెనక తిరిగి ఏరుకొచ్చినవి.

ఆయన రెండు ఈకలు తీసి పక్కపక్కన పెట్టాడు. ఒకటి ఇటు వంగి ఉంది, ఒకటి అటు.

"ఇది కుడి రెక్కది. ఇది ఎడమది. రెండూ కలిపి ఒకే బాణానికి అంటిస్తున్నారా ఏంటి?"

"ఈక ఈకే కదండీ," అన్నాడు గణేష్‌బాబు. "రెండు రెక్కలూ లేకపోతే బాతు మాత్రం ఎగురుద్దా?"

"బాతుకి రెండూ కావాలండి. బాణానికి ఒకవైపువే కావాలి. లేకపోతే ఒకటి ఇటు తిప్పుద్ది, ఒకటి అటు. అది ఎటు పోద్దో దానికే తెలీదు."

వీరవేణి ఆ రెండు ఈకలనీ దూరం దూరంగా జరిపింది. అలాంటి బాణాలు ఎన్ని దిగి ఉంటాయో ఆ తల చుట్టూ.

"ఈ మెలి క్లిప్పు ఏ రెక్కకండీ?"

"కుడికమ్మా. బాణం బాగా తిరుగుద్ది, నిలకడగా పోద్ది. కాపోతే ఎడమ ఈకలు పనికిరావు. తిన్నటిదైతే ఏ రెక్కయినా పట్టుద్ది. ఒక బాణానికి ఒకవైపువే పెట్టుకోవాలి. బాణం మాత్రం అంత తిరగదు."

"ఆ తిన్నటిది ఇచ్చెయ్యండి," అన్నాడు గణేష్‌బాబు. "సగం సంచి పారేసుకుంటామా?"

"మెలిదే ఇవ్వండి," అంది వీరవేణి.

సత్యప్రసాద్ నవ్వాడు. "మీ ఆయన గురి మీద అంత అపనమ్మకం ఏంటమ్మా?"

"గురికేం లోటు లేదండీ. బాణమే మాట వినట్లేదు."

గణేష్‌బాబు ఫోను మోగింది. పందిరి కమిటీ హరిబాబు. స్పీకరులో గొంతు షాపంతా వినబడుతోంది.

"నిమ్మకాయ ఐటమ్ ఉంటుంది కదండీ? మీ ఆవిడ వద్దంటున్నారని ఎవరో అన్నారు. మైకులో కూడా చెప్పించేశామండీ."

"ఉంటుందండీ. నేను చెప్తే కాదనదు."

బస్సులో ఆమె ఎడమ ఈకలన్నీ ఏరి, కిటికీలోంచి వదిలేసింది.

"అంత భయం దేనికి?" అన్నాడు. "ఏం కాదే. మొన్న మాత్రం ఎవరైనా చచ్చారా?"

"తప్పితే ఏంటి మావా?"

"తప్పితే తలరాత."

"రాత సరే. తల ఎవడు తెచ్చిస్తాడు?"



మర్నాడు మధ్యాహ్నమంతా ఆమె జంగారెడ్డిగూడెంలో పందిరి పక్కనున్న బడి వరండాలో కూర్చుని ఈకలు అంటించింది. క్లిప్పు బిగించడం, బంక ఆరేదాకా ఆగడం, విప్పడం. ఒక్కో బాణాన్నీ కంటి దగ్గర పెట్టుకుని చూసింది. ఈకలు మూడూ ఒకే వైపుకి ఒదిగి తిరిగాయి. అయినా భయం ఒదగలేదు.

సాయంత్రం పందిరి కిటకిటలాడింది. స్టేజీకి మెట్లు ఒకవైపే ఉన్నాయి. వీళ్ళు ఎక్కగానే ఆ మెట్ల మీదా జనం కూర్చున్నారు. ఇక దిగే దారి లేదు.

"ఈ ఒక్కసారికి మానేద్దాం మావా. నీ కాళ్ళు పట్టుకుంటా," అంది చెవిలో.

"జనం చూస్తున్నారు. నవ్వు," అన్నాడు.

మైకులో పేరు పిలిచారు. ఈలలు ఆగిపోయాయి. నిమ్మకాయ కుదురుకుంది. గంతలు బిగిశాయి.

గణేష్‌బాబు చెక్కకి వీపు ఆనించి చిటిక వేశాడు, వీరవేణి ఆ చిటికెకి బాణం గురిపెట్టి తాడు లాగింది.