నల్ల మూల

“తలుపెయ్యవే! ముందు తలుపెయ్!”

అమీర్‌బీ నీళ్ళ బిందె గుమ్మంలోనే వదిలేసి లోపలికి దూకింది. తనే తలుపేసి గడియ పెట్టింది.

కౌసర్ నానబెట్టిన కాగితం గుజ్జులో దూదిపీచు కలుపుతోంది. ఎల్లుండి బుల్లయ్య గారి షష్టిపూర్తి. పిలుపు కార్డులు తనే చేసిచ్చింది. వచ్చినవాళ్ళకి మిఠాయి పెట్టివ్వడానికి గిఫ్ట్ పెట్టెలు కూడా తననే చెయ్యమన్నారు. చేసినవి అప్పటికే నులకమంచం నిండా ఆరుతున్నాయి.

“ఏందమ్మా, ఏమైంది?”

“బుల్లయ్య గారింటి ముందు ఒకటే ఏడుపులు. ఆటోలు, ట్రాక్టర్లు, పూలదండలు పట్టుకుని జనం!”

“ఎవరు పోయారు?”

“ఎవరూ పోలా. ఆయనే పోయాడనుకుని వచ్చారు. అరుగు మీద కూర్చుని చుట్ట కాలుస్తున్న మనిషిని చూసి, దండ తెచ్చినామె అక్కడే విరుచుకు పడిపోయింది. అంతా నీ కార్డుల నిర్వాకమే!”

“నా కార్డులేం చేసినయ్? వాళ్ళబ్బాయి కోటేషన్న చూసి భలే ఉన్నాయన్నాడు. తనే అడ్రసులు రాసుకుని పోస్టులో వేసొచ్చాడుగా!”

అమీర్‌బీ గూట్లో మిగిలిపోయిన కార్డు లాగి కూతురి మొహం ముందు పెట్టింది. దూదిపీచు పైకి తేలిన గరుకు కాగితం. కుడివైపు మూల కాలి, ఒంపు తిరిగి, నల్లగా ఉంది.

“మరి ఇదేంది?”

“డిజైనమ్మా. గుంటూరు ట్రైనింగులో నేర్పారు. కొవ్వొత్తి మీద కాలిస్తే పాతకాలం కాగితం లాగా అందంగా ఉంటదని...”

“శుభకార్యానికి మూలన పసుపు పెడతారే పిచ్చిమొహమా! నలుపు పెడితే చావు కబురు. కవరు విప్పగానే నల్ల మూల కనపడితే లోపలేముందో చదివేదెవరు? గుమ్మం బయటే చింపి పారేసి ఏడ్చుకుంటా బస్సెక్కుతారు.”

“ఎస్టీడీ బూతు నించి ఒక ఫోన్ కొట్టి కనుక్కోవచ్చుగా?”

“కొట్టి ఏమనడగాలి? బుల్లయ్య గారూ, తమరు పోయారా అనా?”

నవ్వొచ్చే మాటే. ఇద్దరికీ నవ్వు రాలేదు. అరవై నిండితే గండం గడిచినట్టని సంబరపడుతున్న మనిషి పేరు మీద చావు కబురు ఊరూరా తిరిగింది. బుల్లయ్యకి కోపమొస్తే ఎదురుగా ఉన్నది ఆడా మగా అని కూడా చూడడని ఊళ్ళో అందరికీ తెలుసు.

“పిడుగురాళ్ళ నించి ఆ తమ్ముడు పేరయ్య కూడా దిగాడంట,” అంది అమీర్‌బీ, మంచం మీది పెట్టెలన్నీ గబగబా కిందికి తోసేస్తూ. “పొలం గట్టు కాడ గొడ్డళ్ళెత్తుకున్నోళ్ళు వాళ్ళిద్దరూ. ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకోరు. ఆ మంట కూడా ఈయన మన మీదే తీర్చుకుంటాడు. మీ నాన్న చూస్తే పరుపులు కుట్టడానికి పేటకెళ్ళిపోయాడు. యా అల్లా, ఇప్పుడేం చేసేది!”

“దొడ్డిదారిన పిన్నోళ్ళింటికి పోదామా?”

“పోయి? మళ్ళీ ఈ ఊళ్ళోకి రావా ఏంది?”

బయట కిర్రుచెప్పుల చప్పుడు. వాకిట్లో ఆగింది.

“సుభానీ!”

అమీర్‌బీ కూతుర్ని గోడ వైపుకి నెట్టింది.

“సుభానీ లేకపోతే మానె. ఆ కార్డులు చేసిన పిల్లని బయటికి రమ్మను.” తలుపు దడదడలాడింది. “వస్తారా, నన్నే రమ్మంటారా?”

అమీర్‌బీ గడియ తీసి, తీస్తూనే రెండు చేతులూ జోడించింది. “తెలీక చేసింది బుల్లయ్య గారూ. చిన్నపిల్ల. మీ కాళ్ళు పట్టుకుంటా, దాన్నేం అనమాకండి.”

ఆయన ఆమెను పక్కకి నెట్టి, తల వంచి లోపలికొచ్చాడు. కళ్ళు ఎర్రగా ఉబ్బి ఉన్నాయి. చొక్కాకి పైగుండీలు రెండూ లేవు. తమ్ముడితో అప్పుడే ఒక రౌండు అయిపోయినట్టుంది, ఇక మిగిలింది తనే అనుకుంది కౌసర్. గోడకి అతుక్కుపోయింది.

“నువ్వేనా చేసింది?”

“నే... నేనే పెదనాన్నా.”

“మూల ఏంటితో కాల్చావ్?”

“కొవ్వొత్తితో.”

“ఉందా ఇంట్లో?”

ఉందని తలూపింది.

“తీసుకురా. అగ్గిపెట్టె కూడా.”

ఇంటి నిండా దూదే. మూటలు కట్టిన దూది, ఏకి కుప్ప పోసిన దూది, దాని పక్కనే ఎండిన కాగితాలు. ఒక్క పుల్ల పడితే చాలు, క్షణంలో భగ్గుమంటుంది.

“ఇల్లు తగలెట్టొద్దయ్యా! మేం వేరే ఊరెళ్ళి బతుకుతాం,” అని అమీర్‌బీ ఆయన కాళ్ళ మీద పడింది.

“నువ్వు కాసేపు నోరు ముయ్యి అమీర్‌బీ.”

బుల్లయ్య పుల్ల గీశాడు. కొవ్వొత్తి వెలిగించాడు. కౌసర్ చెయ్యి పట్టుకుని ముందుకి లాగాడు. చెయ్యి కాలుస్తాడని ఆ పిల్ల కళ్ళు గట్టిగా మూసుకుంది.

మంట తగల్లేదు. అరచేతిలో ఏదో గరుగ్గా తగిలింది. కళ్ళు తెరిచింది. ఇంకా ఏమీ రాయని ఖాళీ కాగితం.

“మా పేరయ్య నా చొక్కా పట్టుకుని గుండీలూడేదాకా ఏడ్చాడే అమ్మాయ్,” అన్నాడు బుల్లయ్య తువ్వాలుతో ముక్కు తుడుచుకుంటూ. “సింగరాయకొండలో మా అక్కుంది, ఆమెకీ నాకూ మాటల్లేవు. ఆమె కార్డుకి మూల సరిగ్గా కాలినట్టు లేదు, ఇంకా రాలా... ఈసారి నాలుగు మూలలూ నల్లగా కాల్చు!”