ఆఖరి వరుసదాకా

“మోగకపోతే మాత్రం తీసుకెళ్లలేను ఖమరుద్దీన్ భాయ్. ముందే చెప్పేస్తున్నా,” అన్నాడు సంజీవ్, ఖాళీ హాలు మధ్యలో నిలబడి.

“ఎందుకు మోగవ్ సార్?” అన్నాడు ఖమరుద్దీన్. మాట గట్టిగానే వచ్చింది గానీ, చెయ్యి మాత్రం గడ్డాన్ని వదలడం లేదు.

ఒమాన్‌లో, సీబ్‌లోని ఆ పాత సినిమా హాల్లో కుర్చీలన్నీ ఎప్పుడో పీకేశారు. మిగిలింది చిరుగుల తెర, దాని వెనక రెండు లౌడ్‌స్పీకర్లు. ఒక్కోటీ బీరువా అంత పెట్టె, పెట్టె మీద ఇనప బాకా. మధ్యాహ్నం జొహర్ నమాజు కాగానే తుక్కు లారీ వస్తుంది. బాకాలను సుత్తితో నలగ్గొట్టి, అయస్కాంతాలూ రాగితీగా ఊడబీక్కుని పోతారు. కరీంనగర్ నుంచి కుర్రాడిగా వచ్చి, ఈ హాల్లోనే ఆపరేటరుగా తల నెరిసిన ఖమరుద్దీన్ ఆ సుత్తి దెబ్బ పడనివ్వదల్చుకోలేదు.

కనిపించిన వాళ్లందరినీ అడగ్గా అడగ్గా, చివరికి దార్సైట్‌లో ఉండే ఈ ఏలూరాయన సంజీవ్ దొరికాడు. అతని అర్బాబ్, అంటే యజమాని, బౌషర్‌లోని తన విల్లాలో పాత సినిమా సామాన్ల కోసం ప్రత్యేకంగా ఓ గది కట్టిస్తున్నాడట.

“మా అర్బాబ్‌కి ఊరికే చూసే బొమ్మలొద్దండీ. అన్నీ పనిచెయ్యాలంటాడు,” అంటూ సంజీవ్ సంచిలోంచి పాత కేటలాగు ఒకటి తీశాడు. పసిపిల్లను పట్టుకున్నంత జాగ్రత్తగా పేజీలు తిప్పాడు. “చదువుకునే రోజుల్లో అందరూ నవలలు చదివితే నేను ఇవి చదివేవాణ్ణి. ఇదిగో, చూడండి.”

ఖమరుద్దీన్ కళ్లద్దాలు సవరించుకున్నాడు. “యా అల్లా! గివే! డబ్బాలకెళ్లి తీసిన్నాడు గిట్లనే మెరుస్తుండె!” అన్నాడు. కళ్లు చెమర్చాయి.

“కింద ఏం రాశారో తెలుసా? ఆఖరి వరుసలో కూర్చున్నవాడికి కూడా మనిషి గొంతు మనిషి గొంతులాగే వినిపిస్తుందట.”

“అబద్ధం కాదు సార్. ఒకపారి ఏడుపు సీను నడుస్తున్నది. వెనక వరుసల ఒమానీ ముసలాయన. హిందీ ఒక్క ముక్క రాదు. తెర మీది పిల్ల గొంతు ఇని లేచి నిలబడి, ‘ఖలాస్ బింతీ, ఖలాస్’ అన్నడు. ఊకో బిడ్డా అని తెరకు చెప్పిండు!”

సంజీవ్ మొహం వెలిగిపోయింది. “అయితే ఇంకేం, వినిపించండి.”

ఖమరుద్దీన్ తెర వైపు తిరిగి, “జయరాముడూ! అయిందా?” అని కేకేశాడు. జయరాముడు అతని రూమ్‌మేట్, జగిత్యాల మనిషి. హాలు కూల్చే కంపెనీలోనే డ్యూటీ. పొద్దున్నుంచీ తెర వెనకే ఏదో బిగిస్తూ, విప్పుతూ ఉన్నాడు.

“అయింది చాచా! పెట్టుమంటే పెడత!”

“పెట్టు!”

కాసేపు ఏమీ వినపడలేదు. అప్పుడు లేచింది పాట. ఏదో పల్లెపాట, మగగొంతు. ఇనుము గుండా వచ్చి, నాలుగు గోడలనూ నింపేసింది.

“వాయిద్యాలు లేవేంటండీ?”

“బాకా సంగతి తెల్వాల్నంటే ఉత్త గొంతే ఇనాలె సార్. డోలు, సన్నాయి ఉంటె లోపాలు దాగుతయ్.”

“అదీ నిజమే,” అని సంజీవ్ ఒకప్పుడు ఆఖరి వరుస ఉన్న చోటుదాకా నడిచి, గోడకానుకుని కళ్లు మూసుకున్నాడు. పాట మధ్యలో చిన్న దగ్గు వినిపించింది. ఖమరుద్దీన్ చప్పున తెర వైపు చూశాడు.

“దగ్గు కూడా ఎంత స్పష్టంగా వచ్చిందో!”

“పాత రికార్డింగు సార్.”

“ఊపిరి తీసుకోవడం కూడా తెలుస్తోంది. మనిషి ఎదురుగా నిలబడి పాడినట్టే ఉంది. కొత్త సెట్లలో ఈ జీవం ఎక్కడిది! ఇంకొక్కసారి పెట్టిస్తారా?”

“వద్దు సార్, పాతవి. అలుపొస్తది... అంటే, వేడెక్కుతయ్.”

“ఒక్కసారే భాయ్.”

తప్పలేదు. రెండోసారి పాట కాస్త నిదానించింది, పైస్థాయిలో కొంచెం జీరపోయింది. అయినా ఆగలేదు. అది పూర్తయ్యేదాకా సంజీవ్ గోడ దగ్గర్నుంచి కదల్లేదు. తర్వాత డ్రైవరుకు ఫోను చేశాడు.

“అనీస్, పికప్ తీసుకుని సీబ్ వచ్చెయ్. పరుపులు కూడా వేసుకురా. వీటి మీద గీత పడకూడదు.”

ఖమరుద్దీన్ వచ్చి అతని రెండు చేతులూ పట్టుకున్నాడు. “తీస్కపోతున్నరా సార్? నిజంగనా?”

“ఇంతలా ప్రాణం పెట్టుకున్న మనుషులుంటే సుత్తికి ఎలా వదిలేస్తానండీ? చిన్నాచితకా రిపేర్లు నేను చూసుకుంటాను. ఏ భాగం ఎలా ఉండాలో బొమ్మలతో సహా కేటలాగులో ఉంది. అర్బాబ్ చూసేనాటికి మోగిస్తాను.”

ఖమరుద్దీన్ ఏదో చెప్పాలనుకున్నాడు. తెర వైపు చూసి తల దించుకున్నాడు. సంజీవ్ సంచిలోంచి మంచినీళ్ల బాటిల్ తీసి అతని చేతిలో పెట్టాడు.

“ముందు ఈ నీళ్లు తెర వెనక పాడినాయనకివ్వండి.”