కిరాయి సాక్షి

"సైదున్నీసా అంటే నువ్వేనా బిడ్డా? సింహాద్రిపురం నుంచి వస్తాండా."

ప్రొద్దుటూరు మునసబు కోర్టు వసారాలో కూర్చున్న సైదున్నీసా తలెత్తింది. ఎదురుగా మాసిన లుంగీతో, తెల్లగడ్డంతో ఒక ముసలాయన. కాళ్ల నిండా దుమ్ము.

"అవును. నీకేం పని?"

"నీ మెహర్ ఐదు నూర్లు. ఆ మాట లోపల నేను చెప్తా."

ఆమెకు ఒళ్లు మండింది.

అది 1958. ప్లీడరును పెట్టుకునే స్తోమత లేక తన కేసు తానే చెప్పుకోవడానికి వచ్చింది. తలాక్ ఇచ్చిన రహమాన్, నిఖానాడు పెళ్లికూతురికిస్తానని ఒప్పుకున్న మెహర్ సొమ్ము నూట ఇరవై ఐదేనని అడ్డం తిరిగాడు. ఐదువందలూ వస్తే కుట్టుమిషను కొనుక్కోవచ్చు. అన్న ఇంట్లో మాటలు పడకుండా తన కూడు తాను తినొచ్చు.

కోర్టు దగ్గర రెండు రూపాయలకు ఏ సాక్ష్యమైనా చెప్పేవాళ్లుంటారు, జాగ్రత్త అని పక్కింటి తిరుపాలమ్మ చెప్పి మరీ పంపింది.

"ఎన్ని దుడ్లు తీసుకుంటావు?" అంది సైదున్నీసా.

"దుడ్లేంది బిడ్డా? నా మాట ఇను..."

"ఏంది ఇనేది? దుడ్లకు ఖురాన్ పట్టుకునేవాళ్లు నాకొద్దు. నా నిజం నేనే చెప్పుకుంటా. పో."

వసారాలో నలుగురూ నవ్వారు.

"బేరం కుదర్లేదా తాతా?" అన్నాడొక గుమాస్తా.

ముసలాయన భుజం మీది గుడ్డతో ముఖం తుడుచుకుని గేటు వైపు నడిచాడు.

వసారా చివర రహమాన్ గోడవైపు తిరిగి నిలబడి ఉన్నాడు. తన గొంతు విని జంకాడనుకుంది సైదున్నీసా. కాస్త గర్వపడింది కూడా.

లోపల మునసబు నెమ్మదిగానే అడిగాడు.

"ఐదువందలని రాసిన కాగితముందా?"

"ఖాజీ ఇంట్లో చెదలు తినేసినాయి సామీ."

"విన్నవాళ్లు?"

"మా నాయన పోయినాడు. సాక్షులిద్దరిలో ఒకాయనా పోయినాడు. ఇంగొకాయన ఊరిడిసి యాడికి పోయినాడో తెలీదు."

"ఎదురుపడితే గుర్తుపడతావా?"

"యాడ సామీ. నేను పరదా లోపలుంటి. గొంతు మాత్రమే ఇన్నా."

రహమాన్ ఒప్పుకున్న నూట ఇరవై ఐదుకే తీర్పయింది. అక్కడే లెక్కపెట్టి ఇచ్చాడు. పూర్తిగా ముట్టిందని ఆమె వేలిముద్ర వేసింది.

మెట్ల దగ్గర రహమాన్ ఆగాడు. ఆమె ముఖంలోకి చూడలేదు.

"పొద్దున ఆయప్పను చూసి నా పనైపోయిందనుకుంటి. నువ్వే తోలేస్తివి."

"ఎవురాయప్ప?"

"గొంతు ఇన్నానంటివే లోపల. గుర్తుపట్టలేదా?"

సైదున్నీసా గేటు దాకా పరుగెత్తింది. రోడ్డు మీద ఆయన లేడు.

నలుగురిలో తానన్న మాటలు ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. సిగ్గుతో ప్రాణం చచ్చిపోయింది. డబ్బు పోయినందుకు కాదు. చేతిలో నోట్లున్నాయన్న సంగతే ఆమెకు గుర్తు లేదు.

ఎనిమిదేళ్ల కింద నిఖానాడు సాక్షిగా పరదా అవతల నిలబడి, "నీకిష్టమేనా బిడ్డా" అని మూడుసార్లు అడిగి, ఆమె ఔననేదాకా ఓపిగ్గా ఆగిన మనిషిని, ఈ రోజు ఆమె ఒక్క మాట కూడా పూర్తి చేయనివ్వలేదు.