ఒక పన్ను పక్కకు

లక్ష్మీరాజం సేటు పాత మోరిస్ కారు షెడ్డు ముందు ఆగేసరికి, మెకానిక్ అంతయ్య గోడకానుకుని బీడీ తాగుతున్నాడు. బండి రాని పూట అతనికి అదే పెద్ద పని.

“బండి సక్కగనే పోతుంది గని, స్టీరింగు ఎడమకు ఒరిగి కూసుంటుంది. బిరేకులు చూడమని ఇస్తే గిట్ల చేసిండు. అడిగితే గది నాతోని కాదంటుండు నీ లచ్చయ్య,” అన్నాడు సేటు.

“వాడు నా లచ్చయ్య కాడు సేటూ.”

అంతయ్య బీడీని నేలకేసి నలిపాడు. తండ్రి లేని పిల్లవాణ్ని తల్లి పోశవ్వ తెచ్చి అప్పగిస్తే, ఇంత అన్నం పెట్టి పని నేర్పాడు. నిజాం జమానాలో జాగీర్దార్ల కార్ల కింద పొర్లాడి నేర్చుకున్న విద్యంతా దాచుకోకుండా ధారపోశాడు. వాడేం చేశాడు? రెక్కలు రాగానే బస్టాండు దారిలో సేటుగారి మల్గీ కిరాయికి తీసుకుని సొంత దుకాణం తెరిచాడు. కరీంనగర్‌లో ఉన్న ఆ కాసిని బండ్లూ అటే పోయాయి. అంతయ్య షెడ్డులో ఈగలు మిగిలాయి. పైగా దసరాకు బియ్యం మూట పంపాడు, సిగ్గులేని వెధవ. అంతయ్య దాన్ని బజార్లోకి విసిరి కొట్టాడు.

ఒక్కటే తృప్తి. కొన్నాళ్లుగా లచ్చయ్య చెయ్యి పడ్డ బండికల్లా స్టీరింగు వంకరపోతోంది. ఊళ్లో ఆ పని తెలిసింది వీళ్లిద్దరికే. వాడితో కాలేదని అందరూ ఇటే వస్తున్నారు. దాంతో అంతయ్య పొయ్యిలోని పిల్లి లేచింది.

“గురువు ఉసురు సేటూ. ఊకెనే పోతదా?” అంటూ లేచాడు.

కారును చదునైన దారి మీద నడిపి, చేతులు వదిలి చూశాడు. తిన్నగానే పోయింది. కిందికి దూరి చక్రాల కడ్డీలు చూశాడు. అవీ బాగానే ఉన్నాయి. ఇక స్టీరింగు నడుమనున్న హారన్ బటన్ తీసి, లోపలి నట్టు విప్పాడు. విప్పినవాడు అలాగే ఉండిపోయాడు.

స్టీరింగు మీదొకటి, దాన్ని మోసే పళ్ల కడ్డీ మీదొకటి, రెండు చుక్కలు. ఒకప్పుడు తను సుత్తితో కొట్టిన గుర్తులే; ఇన్నాళ్లూ వచ్చిన బండ్లకు అవి లేవు. చుక్కకు చుక్క ఎదురుగా పెట్టి బిగిస్తే స్టీరింగు తిన్నగా ఉంటుంది. లచ్చయ్యకు తను చెప్పిన మొదటి పాఠం అదే. ఇప్పుడా స్టీరింగు కడ్డీ మీద సరిగ్గా ఒక పన్ను పక్కకు కూర్చుని ఉంది.

ఇది చేతగాక జరిగింది కాదు. కావాలని చేసింది.

అంతయ్యకు అరికాలి మంట నెత్తికెక్కింది. తన దగ్గర నేర్చిన విద్యతోనే దొంగపని.

“జర ఇటు చూడు సేటూ. ఎరికుండే చెడగొట్టిండు. ఇయ్యాల నాతోని కాదంటడు, రేపు కొత్త సామాను ఎయ్యాలంటడు. ఎంతమందిని గిట్ల ముంచిండో.”

సేటు మొహం ఎర్రబడింది. ఇద్దరూ అదే కార్లో లచ్చయ్య దుకాణానికి వెళ్లారు. లారీ డ్రైవర్లు చుట్టూ మూగారు.

“గిది నువ్వు కావాలనే పెట్టినవా?” అడిగాడు సేటు.

లచ్చయ్య అంతయ్య మొహంలోకి ఒకసారి చూసి, తల దించుకున్నాడు.

“నేనే పెట్టిన సేటూ.”

“ఎందుకు?”

లచ్చయ్య గుడ్డతో వేళ్ల గ్రీజు తుడుచుకోసాగాడు.

“నోరు పడిపోయిందారా? నలుగురిల చెప్పు,” అన్నాడు అంతయ్య.

“తప్పయింది ఉస్తాద్,” అన్నాడు లచ్చయ్య.

సేటు అక్కడికక్కడే మల్గీ ఖాళీ చేయమన్నాడు. డ్రైవర్లు తలా ఒక తిట్టు తిట్టారు. ఆ ఊళ్లో ఇక వాడి చేతికి బండి ఇచ్చే మనిషి లేకుండాపోయాడు. తెల్లారి లచ్చయ్య పెట్టె సర్దుకుని, బొగ్గుబాయిల్లో కూలికని బెల్లంపల్లి బస్సెక్కాడు.

ఆ పొద్దున్నే పోశవ్వ షెడ్డుకు వచ్చింది. అంతయ్య ఆమెను కూర్చోమని కూడా అనలేదు.

“ఏం మొఖం పెట్టుకొని వచ్చినవ్? కడుపుల పెట్టుకొని సాదితే నాకే దగా చేసిండు నీ కొడుకు.”

పోశవ్వ కొంగుతో కళ్లు తుడుచుకుంది.

“నువ్వు పస్తులుంటున్నవని ఎరుకై, చేతికిస్తే తీసుకోవని, వచ్చిన బండినల్లా వాడే వంకర జేసి, నాతోని కాదని చెప్పి నీ కాడికి తోలిండు గదనే అన్నా.”