అన్నదమ్ముల ఇల్లు

“కాఫీ తీసుకోండి మేడమ్. ఇది మీ ఇల్లే అనుకోండి,” అన్నాడు బ్రాడెన్.

లోర్నా కప్పు ముట్టలేదు. ఒకే ఇంట్లో ఉంటూ అన్నదమ్ములమని చెప్పుకునే కాలేజీ కుర్రాళ్ళ సోదర సంఘానికి బ్రాడెన్ అధ్యక్షుడు. ఇస్త్రీ చొక్కా, నున్నగా దువ్విన తల, నోటినిండా మర్యాద.

శుక్రవారం ఆ హాల్లోనే, కొత్తగా చేరినవాళ్ళ చేత తలా ఒక విస్కీ సీసా తాగించారు. చుక్క మిగల్చకుండా తాగితేనే తమ్ముడట. పద్దెనిమిదేళ్ళ డెస్మండ్ తాగి నేలమీదికి ఒరిగిపోతే, సోఫాలో పక్కకు తిప్పి పడుకోబెట్టి, వెల్లకిలా దొర్లి వాంతి గొంతులో అడ్డుపడకుండా వీపుకు పుస్తకాల సంచి కట్టారు. తెల్లారేదాకా అంబులెన్సు రాలేదు. ఇప్పుడు ఆస్పత్రిలో అతనికి యంత్రం ఊపిరి పోస్తోంది.

“ఎవరికీ ఫోన్ చెయ్యాలని తోచలేదా? చేస్తుంటే ఎవరైనా ఆపారా? అదొక్కటి చెప్పు బాబూ.”

“మేం అన్నదమ్ములం మేడమ్. ఒకరి మాట ఇంకొకరం బయటపెట్టం.”

“కళ్ళముందు తమ్ముడు చచ్చిపోతున్నా?”

బ్రాడెన్ కిటికీవైపు తిరిగాడు. మాట్లాడొద్దని లాయరు చెప్పాడని గొణిగాడు. మెట్ల మీద నిలబడ్డ మిగతా కుర్రాళ్ళు ఆమె చూసేసరికి ఒక్కొక్కరే గదుల్లోకి జారుకున్నారు.

డీన్ దగ్గర మరీ అన్యాయం. విచారణ కమిటీ వేశామన్నాడు, నివేదిక వచ్చేదాకా ఓపిక పట్టమన్నాడు, చెప్పిందే తిప్పి తిప్పి చెప్పాడు. ఆమె లేవకపోయేసరికి గొంతు తగ్గించాడు. “మీరు తల్లి. మీ బాధ నాకు తెలుసు. మీ అబ్బాయి మేలు కోరే చెబుతున్నా, దీన్ని తవ్వకండి.”

లోర్నాకు ఒళ్ళు మండిపోయింది. కొడుకును ఈ కాలేజీలో దింపిన రోజు ఇదే మనిషి చెయ్యి కలిపి, ఇక మాకు వదిలేయండి, మనిషిని చేసి పంపిస్తాం అన్నాడు. చేసింది ఇదేనా అని అడగాలనుకుంది. కుర్చీ వెనక్కి నెట్టి లేచింది.

అక్కణ్ణుంచి నేరుగా ఆస్పత్రికి వెళ్ళింది. డెస్మండ్ గది గుమ్మం దాకా నడిచింది. లోపలికి అడుగు పెట్టకుండానే వెనక్కి తిరిగింది. వరండాలో బల్లమీద కూలబడింది.

పక్కన ఒక కుర్రాడు తల వంచుకుని కూర్చున్నాడు. పేరు కాల్విన్. డెస్మండ్‌తో కలిసి సంఘంలో చేరినవాడు, అతనితో పాటే సీసా ఎత్తినవాడు. ఆమె మొహం చూడగానే అతనికి ఏడుపు ఆగలేదు.

“నేను ఫోన్ చేశానమ్మా. రింగవుతుంటే చేతిలోంచి లాగేసుకున్నాడు. పొద్దున్నకి దిగిపోతుందిలే, సంఘం పరువు తియ్యకు అన్నాడు.”

“ఎవరు?”

“వెస్లీ.”

లోర్నా కళ్ళు మూసుకుంది. క్షమించండమ్మా, మళ్ళీ లాక్కోవలసింది, భయపడ్డాను అంటూ అతను ఏదేదో చెబుతున్నాడు. అతని భుజం మీద వెయ్యబోయిన చెయ్యి మధ్యలోనే ఆగిపోయింది.

“ఈ మాట పోలీసులకు చెబుతావా?” అని అడిగింది చివరికి.

వాళ్ళు తనను కాలేజీలో బతకనివ్వరన్నాడు. పక్కనే కూర్చుంటానని ఆమె మాటిస్తే లేచాడు.

స్టేషన్లో కాల్విన్ అంతా చెప్పాడు. రాసుకున్న అధికారిణి కలం పక్కన పెట్టి, లోర్నావైపు జాలిగా చూసింది. ఇన్నాళ్ళకు నోరు విప్పినవాడు దొరికాడని, తీసుకొచ్చినందుకు కృతజ్ఞతలని చెప్పింది.

“డెస్మండ్‌కి మీరు అమ్మగారా?”

లోర్నా తల అడ్డంగా ఊపింది.

“వెస్లీకి.”