ముట్టుకుంటే పని అయిపోతుంది

“ఆ ఫైలు తెరిచావంటే నీ ఉద్యోగానికి నువ్వే నీళ్ళొదులుకున్నట్టు” అన్నాడు మహర్షి, ఆమె కుర్చీ వెనక నిలబడి.

ఆయన అసలు పేరు ఆ బస్టాండు ఆఫీసులో ఎవరికీ గుర్తులేదు. ఎవరేం అడిగినా కళ్ళు మూసుకుని, చాలాసేపటికి తెరిచి, “అది అంత తేలిక కాదు” అంటాడు కాబట్టి మహర్షి అయ్యాడు. ఆఫీసు మొత్తానికి ప్రోగ్రామరు ఆయనొక్కడే. ఆమె ఎంట్రీ సెక్షన్లో పొద్దస్తమానం బస్సుల వేళలు కొట్టే మనిషి. ఆయన దృష్టిలో ఆమెకూ కీబోర్డుకూ పెద్ద తేడా లేదు.

గొడవంతా పదమూడో ప్లాట్‌ఫారంతో వచ్చింది. కొత్తగా కట్టారు, రంగులు వేశారు, రిబ్బను కూడా కత్తిరించారు. తీరా చూస్తే హాల్లో పెద్ద బోర్డు పన్నెండు దాటి చూపించదు. పదమూడులో బస్సులు ఖాళీగా నిలబడి ఉంటే, జనం ఒకటి నుంచి పన్నెండు దాకా సంచులు మోసుకుంటూ పరుగెడుతున్నారు. ఆ బోర్డును నడిపే ప్రోగ్రాము ఎప్పుడో సీ అనే కంప్యూటరు భాషలో రాసింది. వచ్చే శుక్రవారంలోగా బాగుపడకపోతే పని బయటి కంపెనీకి ఇచ్చేస్తామని, వాళ్ళ మనుషులు వాళ్ళకుంటారు కాబట్టి ఎంట్రీ సెక్షన్లో నలుగురూ ఇంటికి పోవలసిందేనని మేనేజరు చెప్పేశాడు. మహర్షి కళ్ళు మూసుకున్నాడు. ఆ కళ్ళు తెరుచుకునేలోగా ఆమె, నేను చూస్తాను సార్ అనేసింది.

“సీ అంటే టైపు కొట్టడం అనుకున్నావా అమ్మా? పన్నెండేళ్ళు తపస్సు చేశాను నేను. అందులో పాయింటర్లుంటాయి. ఒకటి తప్పిందంటే మొత్తం కూలిపోతుంది. అసలు ఆ ఫైలు నెత్తిమీదే రాసిపెట్టి పోయాడు దాన్ని రాసినాయన, ఇది ముట్టుకుంటే పని అయిపోతుందని. ఆయనకి తెలియకనా?”

ఆ మాట నిజమే. ఫైల్లో మొట్టమొదటి వాక్యం అదే, తెలుగు మాటలే ఇంగ్లీషు అక్షరాల్లో. చూసినవాళ్ళు ఇద్దరో ముగ్గురో. చూసిన మరుక్షణం మూసేశారు. మిగతావాళ్ళు చూడకుండానే భయపడ్డారు, అది ఇంకా సులువు.

ఆమెకూ భయమే. పాత పుస్తకాల కొట్లో సీ పుస్తకం కొనుక్కుని, రెండు రోజులు దాన్ని తెరవడం, పాయింటర్ల పేజీ కంటబడగానే మూసేసి కడిగిన గిన్నెలే మళ్ళీ కడగడం. మూడో రోజు పదో తరగతి చదువుతున్న చిన్న కూతురు పుస్తకం లాక్కుని చదివింది.

“ఇందులో ఏముందమ్మా? బీరువా తాళం పోపులడబ్బాలో ఉందని నువ్వు నాన్నకి చీటీ రాసి పెడతావు చూడు. చీటీ తాళం కాదు, తాళం ఎక్కడుందో చెప్తుంది. అదే పాయింటరు.”

ఆమె ఆ పేజీ ఇంకోసారి చదివింది. నిజంగా అంతే. అప్పుడొచ్చింది కోపం, భాష మీద కాదు, మహర్షి మీద. ఈ మాత్రం దానికా ఆ కళ్ళు మూసుకోవడం? ఈ మాత్రం దానికా పన్నెండేళ్ళ తపస్సు? భక్తితో రాని చదువు కోపంతో వచ్చింది. మొదటి ప్రోగ్రాముకి కంప్యూటరు నలభై ఒక్క తప్పులు చూపించింది. వెతికితే పోయింది ఒక్క సెమికోలను. మర్యాదలో ఒక్కటి తగ్గితే నలభై వంకలు పెట్టే వియ్యపురాలు గుర్తొచ్చి ఆమె నవ్వుకుంది. వియ్యపురాలినే లెక్కచేయని వంశం తమది.

శుక్రవారం పొద్దున ఆమె ఫైలు తెరిచింది. ఎంట్రీ సెక్షన్లో మిగిలిన ముగ్గురూ ఊపిరి బిగబట్టి వెనక నిలబడ్డారు. మహర్షి కూడా వచ్చాడు, చావుకబురు చల్లగా చెప్పడానికి వచ్చినవాడిలా.

తెర మీద మొదటి వాక్యం కనిపించింది. ఇది ముట్టుకుంటే పని అయిపోతుంది. ఆమె వేలు ఆగిపోయింది. తనదే కాదు, నలుగురి ఉద్యోగాలు ఆ వేలి కింద ఉన్నాయి.

“చదివావుగా, మూసెయ్యి” అన్నాడు మహర్షి తృప్తిగా.

ఈ వారం రోజుల్లో ఆమె నేర్చుకున్నది ఒకటుంది. ఒక వాక్యం అర్థం కాకపోతే దాని కింది వాక్యం చదవాలి. చదివింది. పెదవి బిగించి నవ్వాపుకుని, ఒక్క అంకె మార్చి, ప్రోగ్రాము మళ్ళీ నడిపింది. ఒక్క తప్పూ రాలేదు. హాల్లో బోర్డు ఒకసారి ఆరి వెలిగింది. పన్నెండు కింద పదమూడు నిలబడింది. మైకు పదమూడో నంబరు పిలవగానే జనం అటు మళ్ళారు.

మేనేజరు మెట్లు దిగి గబగబా వచ్చాడు. అప్పటికి మహర్షి తేరుకున్నాడు. ఏదో గుడ్డి అదృష్టమని, రేపో ఎల్లుండో మొత్తం కూలుతుందని, పాపం ఆవిడకి తెలియదని, రాసినాయన ఊరికే హెచ్చరించి ఉండడని ఏకరువు పెట్టాడు.

ఆమె తెర మేనేజరు వైపు తిప్పింది. ఆయన కళ్ళజోడు సర్దుకుని, రెండు వాక్యాలూ పైకి చదివాడు.

“ఇది ముట్టుకుంటే పని అయిపోతుంది. ఈ పన్నెండు తీసేసి, ఎన్ని ప్లాట్‌ఫారాలుంటే అంత వెయ్యండి, ఇంకేమీ చెయ్యక్కర్లేదు.”

మహర్షి అలవాటు ప్రకారం కళ్ళు మూసుకున్నాడు. మేనేజరు ఆ కళ్ళు తెరుచుకునే దాకా ఓపిగ్గా ఆగాడు.

“రాసినాయన అబద్ధం చెప్పలేదండీ” అన్నాడు. “ఈవిడ ముట్టుకున్నారు. మీ పని అయిపోయింది.”